పొద్దుటి చుక్క

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ లెక్కన మా వదిన మీద నాకు సగం హక్కు ఉన్నట్టే. ఆమె జీతం మీద లేదు, ఆమె బట్టల మీద లేదు, ఆమె పగ మీద మాత్రం ఉంది. అందుకే ఈ సంగతి నేను చెబుతున్నాను. ఆమెను అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసి అసలు విషయం మింగేస్తుంది. నాకు అంత ఓర్పు లేదు, అంత మంచితనం అసలే లేదు.

ఆమెను మా ఇంటికి తెచ్చింది కూడా నేనే. ఇద్దరం ఒకే మందుల కంపెనీలో, ఒకే ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళం. ఆమె ముక్కులో కొట్టుకునే మందులు కలిపేది, నేను వాటికి ఫొటోలు తీసేదాన్ని. నవ్వకండి, అదీ ఉద్యోగమే. సీసా నొక్కగానే బయటికొచ్చే తుంపరకు చీకటి పెట్టెలో లేజరు వెలుగు వేసి, రెప్పపాటులో బొమ్మ తీయాలి. తుంపర ఎంత విచ్చుకుంది, ఒక పక్కకు ఒరిగిందా, చినుకు మరీ లావైందా అన్నది ఆ బొమ్మ చూస్తే తెలుస్తుంది. ఆమె కలిపి తెచ్చినదాన్ని నేను బొమ్మ తీసి, ఇది తుంపర కాదు తల్లీ, పిచికారీ అని వెక్కిరించేదాన్ని. ఆమె మూతి ముడుచుకోకుండా వెళ్ళి మళ్ళీ కలుపుకొచ్చేది. మా అన్నయ్యతో కాపురం చేయాలంటే ఆ మాత్రం ఓపిక ఉండాల్సిందేనని, పట్టుబట్టి పెళ్ళి కుదిర్చాను.

అప్పట్లో మేం చేస్తున్న మందు తలనొప్పికి. మామూలు తలనొప్పి కాదు. వచ్చిందంటే వెలుగు చూడలేరు, మాట వినలేరు, మాత్ర మింగితే వాంతి. ఒకవేళ మింగినా అది కడుపులో కరిగి, కాలేయం దాటి, నెత్తురులో కలిసేసరికి మనిషి సగం చచ్చి ఉంటాడు. ముక్కు లోపలి పొర పలచన, దాని కిందే నెత్తురు. మందు అక్కడ పడి, అక్కడే కాసేపు నిలిస్తే నిమిషాల్లో నొప్పి దిగుతుంది. నిలవడంలోనే ఉంది తంటా. ముక్కులో కంటికి కనపడని సన్నటి నూగు ఉంటుంది. ఏది పడినా గొంతులోకి ఊడ్చేయడమే దాని పని. మందు పలచగా ఉంటే జారిపోయి గొంతు చేదెక్కుతుంది, చిక్కగా ఉంటే పంపులోంచి తుంపర రాదు, దారం వస్తుంది. మా వదిన దాని అంతు చూస్తానని కూర్చుంది. చివరికి సీసాలో నీళ్ళలా ఉండి, ముక్కు వెచ్చదనం తగలగానే చిక్కబడే ద్రవం తయారుచేసింది. ఆ రోజు నేను తీసిన తుంపర బొమ్మంత అందమైన బొమ్మ మా అన్నయ్య పెళ్ళిలో కూడా ఎవరూ తీయలేదు.

మాపైన ఒక పెద్దసారు ఉండేవాడు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు నిమ్మళం. ఏం చెప్పినా అరచెయ్యి గాల్లో కిందికి అదుముతూ "నిమ్మళం, నిమ్మళం" అనేవాడు. ఎవరైనా ఏడ్చినా అదే మాట, పంపు పగిలినా అదే మాట. మా ప్రయోగశాలలో పొద్దుటి చుక్క అనే ఆచారం ఆయన పెట్టిందే. రోజూ పని మొదలయ్యే ముందు కలిపే పనిలో ఉన్నవాళ్ళంతా వరసగా స్టూళ్ళ మీద కూర్చుని, మందు వేయని ఉత్త ద్రవాన్ని తమ ముక్కుల్లో కొట్టుకోవాలి. మండిందా, గొంతులోకి జారిందా, చేదుగా ఉందా, వాసన ఏమైనా వచ్చిందా, ఒక్కొక్కరే చెప్పాలి. నిమ్మళం ఎదురుగా నిలబడి వినేవాడు. మీరు కూడా కొట్టుకోండి సార్ అని ఎవరైనా సరదాకి అంటే, ఆయన సమాధానం ఎప్పుడూ ఒక్కటే. "కుర్రతనంలో మా సార్ దగ్గర మీకన్నా ఎక్కువ కొట్టుకున్నాను. నాకేమైంది?"

అందరిలోకీ ఎక్కువగా కొట్టుకున్నది మా వదినే, ఎందుకంటే ద్రవం ఆమెది. వేరేవాళ్ళు సెలవు పెట్టిన రోజున వాళ్ళ వంతూ తనే కొట్టుకునేది. అందులో సీసా తెరిచాక సూక్ష్మజీవులు పెరగకుండా నిల్వమందు వేస్తారు. ఆ నిల్వమందు పాళ్ళు ఎక్కువయ్యాయని, ముక్కులోపల చురుక్కుమంటోందని ఆమె మొదటినుంచీ అంటూనే ఉంది. గాలి లోపలికి పోనివ్వని పంపు పెడితే ఆ నిల్వమందే అక్కర్లేదని కూడా చెప్పింది. పంపు మారిస్తే పనంతా మళ్ళీ మొదటికొస్తుందని నిమ్మళం ఒప్పుకోలేదు.

అప్పటికి ఆమెకు నెలలు నిండుతున్నాయి. ఒకరోజు ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగి, ఇంకి, గిన్నె అడుగంటి నల్లగా మాడిపోయింది. ముందుగదిలోంచి నేను ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చేసరికి మా వదిన ఆ పొయ్యి పక్కనే నిలబడి బట్టలు మడతపెట్టుకుంటోంది. నేను పొయ్యి ఆపాను. ఆమె గిన్నె వంక చూసింది, నా వంక చూసింది, గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత సబ్బు, తర్వాత నూనె సీసా, ఆఖరికి నా జడ. దేన్లోనూ ఏమీ లేదు.

జలుబనుకున్నాం. జలుబు తగ్గింది, వాసన రాలేదు. పాప పుట్టింది. మా అమ్మ పాప నెత్తి మీద ముక్కు ఆనించి, పసిపిల్లల వాసన ఎంత బాగుంటుందోనని మురిసిపోతుంటే, మా వదిన పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పాలు తాగి పాప నిద్రపోయాక నాతో ఒక్కటే అంది. కన్నతల్లినై ఉండి నా కూతురి వాసన నాకు తెలియకుండా పోయింది, దీనికి కారణమైనవాణ్ణి వదలను అంది. ఆమె గొంతు పెరగలేదు. అందుకే నాకు భయమేసింది, ఆనందం కూడా కలిగింది.

ముక్కు డాక్టరు లోపలంతా చూసి, పొర దెబ్బతిందని, ఏ రసాయనాల మధ్య పనిచేస్తారని అడిగాడు. ఆ మాట పట్టుకుని మా వదిన నిమ్మళం దగ్గరికెళ్ళింది. కడుపుతో ఉన్నప్పుడు అలాగే అవుతుందమ్మా, నిమ్మళం అన్నాడు. మళ్ళీ వెళ్ళింది. నేనూ కొట్టుకున్నాను, నాకేమైందన్నాడు. మూడోసారి వెళ్ళి, నిల్వమందు వల్లే నా ముక్కు పోయిందని మీరు అందరి ముందూ చెప్పాలి, చెప్పి దాన్ని తీసేయించాలి, లేదంటే ఇది కొనుక్కుని నెలనెలా వాడేవాళ్ళకూ ఇదే గతి అంది. వారం తిరగకుండా ఆమెను కలిపే పని నుంచి తీసేశాడు. సీసాలు ఎన్నాళ్ళు చెడకుండా ఉంటాయో చూడటానికి వెచ్చటి బీరువాల్లో పెట్టి ఉంచే గదిలో పడేశాడు. పుండు మీద కారం చల్లినట్టు, ఆమెకు చిన్నప్పటినుంచీ ముక్కు జబ్బు ఉందట పాపం, అని అందరికీ చెప్పాడు. ఆ పాపం అన్న మాటకే నా ఒళ్ళు మండింది.

ఆమె తయారుచేసిన ద్రవం, ఆమెను వెళ్ళగొట్టిన నిల్వమందుతోనే, ఆమోదించే సంఘం ముందుకు వెళ్ళడానికి సిద్ధమైంది. సంఘం సరేనంటే వేల సీసాలు తయారవుతాయి. ఆ లోపల ఆయన నోటితోనే నిజం చెప్పించాలి. మా వదినకు కావలసింది అంతే. ఎలా అన్నది మాత్రం ఆమెకూ తోచలేదు. బీరువాల మధ్య తన పని తాను చేసుకునేది. పిలిచిన ఇంటికి వెళ్తే ఎవరైనా అబ్బ ఏం వాసన అనగానే ముందు పక్కవాళ్ళ మొహాలు చూసేది. వాళ్ళు నవ్వితే నవ్వేది, మొహం చిట్లిస్తే చిట్లించేది. వాసన తెలియనిదని నలుగురూ జాలిపడటం ఆమెకు ఇష్టం లేదు.

ఆమెకు తోచనప్పుడు నాకు తోచింది. నా ఆలోచన పెద్ద గొప్పదేం కాదు. ఒక కోడిగుడ్డుకు సూదితో బెజ్జం పెట్టి, మేడ మీద ఎండలో కుళ్ళబెట్టి, డబ్బాలో తీసుకెళ్ళి నిమ్మళం సొరుగులో వెనక మూలకు తోసి పగలగొట్టాను. ఇందులో నేను సిగ్గుపడేదేం లేదు. పూర్తి పగ తీర్చుకోలేనప్పుడు చిల్లర పగతో సరిపెట్టుకోవాలి కదా.

కాసేపటికే వరండా అంతా కంపు. తుంపర గదిలో మూతికి రుమాలు కట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కళ్ళే బయటికి పోతున్నారు. గుమాస్తా కిటికీలు తెరిచి తల బయట పెట్టుకున్నాడు. నిమ్మళం ఇప్పుడొస్తాడు, అప్పుడొస్తాడని చూస్తున్నాను. ఆయన రాడే! గాజు తలుపులోంచి చూస్తే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, అదే సొరుగు తెరిచి పెన్ను తీసుకుని, మూసి, రాసుకుంటున్నాడు. వీడు మనిషా, మాను మొద్దా అనుకున్నాను. ఇంతలో ఊడ్చే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళి, ఈ కంపులో ఎలా కూర్చున్నారు సార్ అంది. గుమాస్తా వెనకే వెళ్ళాడు. నిమ్మళం తల ఎత్తాడు. అప్పుడు జేబులోంచి రుమాలు తీసి ముక్కు మూసుకుని, అవునవును, భరించలేకపోతున్నాను అన్నాడు.

అది చూస్తున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. పక్కన మా వదిన నిలబడి ఉంది. అందరూ బయటికి పరిగెడుతుంటే ఎందుకో తెలియక తన గదిలోంచి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని బీరువాల గదిలోకి లాక్కెళ్ళింది.

"ఆయన ముక్కు మూసుకోవడం చూశావా?" అంది.

"చూశా. తీరిగ్గా మూసుకున్నాడు."

"ముందు ఊడ్చే ఆవిడ మొహం చూశాడు. తర్వాత గుమాస్తా మొహం చూశాడు. ఆ తర్వాతే రుమాలు తీశాడు. రోజూ నేను చేసేది అదే."

నాకు ఎక్కడానికి కాసింత సమయం పట్టింది. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆయన పని. ఏళ్ళ కిందట, వాళ్ళ సార్ దగ్గర ఇలాగే స్టూలు మీద కూర్చుని కొట్టుకుని ముక్కు పోగొట్టుకున్నాడు. చెబితే ముక్కు మందుల కంపెనీలో ముక్కు లేనివాడికి పెద్ద కుర్చీ ఎవరిస్తారు? దాచుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు రవ్వంత జాలి కలిగింది. అయ్యో పాపం వదినా అన్నాను.

"పాపమా? అయితే ఆయనకు తెలుసే. తెలిసి కూడా రోజూ ఎదురుగా నిలబడి మమ్మల్ని కొట్టుకోమన్నాడు. ఇన్నాళ్ళూ తెలియక చేశాడేమోనని ఒక మూల అనుకునేదాన్ని."

ఆ ఒక మూల కూడా ఆ రోజుతో పోయింది. ఆమె మొహంలో కడుపుమంట తప్ప ఇంకేం మిగల్లేదు. నా జాలి కూడా అక్కడికక్కడే ఆవిరైంది.

సంఘం కూర్చున్న రోజున మా పెద్ద గదిలో పొడుగాటి బల్ల వేశారు. బయటి నుంచి వచ్చినవాళ్ళలో తెల్లజుట్టు డాక్టరమ్మ సంఘానికి పెద్ద, ఆమె మాటే చివరి మాట. తెర మీద తుంపర బొమ్మలు చూపించడానికి నన్ను పిలిచారు. సీసాలు ఎన్నాళ్ళు నిలుస్తాయో చెప్పడానికి మా వదినను పిలవక తప్పలేదు. నిమ్మళం చాలా బాగా మాట్లాడాడు. ద్రవం తనదన్నట్టే మాట్లాడాడు. మండదు, జారదు, ఇసుమంత వాసన రాదు, కలిపిన ప్రతి విడతనూ నేనే స్వయంగా వాసన చూసి పంపిస్తాను అన్నాడు. ఆ మాట కోసమే మేం కాచుకుని ఉన్నాం.

మా వదిన వంతు వచ్చింది. లేచి మూడు చిన్న సీసాలు బల్ల మీద పెట్టింది. మూడూ ఒకేలా ఉన్నాయి, బిరడాలు బిగించి ఉన్నాయి. రెండింట్లో మామూలు ద్రవం, ఒకదాంట్లో నిల్వమందు వేయకుండా తెరిచిపెట్టి, బీరువాలో కుళ్ళిపోయిన ద్రవం. చెడిపోతే ఎంత తేలిగ్గా తెలుస్తుందో పెద్దలు చూడాలని తెచ్చానని చెప్పింది. వాటిని తారుమారు చేసి వరసపెట్టింది నేను. ఏది కుళ్ళినదో తనకు చెప్పొద్దంది, చెప్పలేదు. నీ మొహం అద్దం, ఆయనకు కనపడకుండా వెనకాల నిలబడమంది, అలాగే నిలబడ్డాను.

"ముందు సార్ చూస్తే బాగుంటుంది. ఆయనకు అలవాటే కదా" అంది.

నిమ్మళం కాదనడానికి దారి లేదు. మొదటి సీసా బిరడా కొంచెం జరిపి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ బిగించి తల ఊపాడు. చుట్టూ చూశాడు. బల్ల అవతల ఉన్నవాళ్ళకు ఇంకా ఏ వాసనా చేరలేదు, వాళ్ళు వింతగా చూడటం తప్ప మొహాల్లో ఇంకేమీ లేదు. రెండోది చూశాడు. మూడోది చూశాడు. చివరికి మా వదిన మొహంలోకి చూశాడు. కనురెప్ప కదులుతుందేమో, పెదవి బిగుస్తుందేమోనని వెతుకుతున్నాడు. వెనకనుంచి నాకు ఆయన మెడ మీద చెమట కనిపిస్తోంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"నా మొహంలో వెతక్కండి సార్. నాకూ తెలియదు" అంది మా వదిన.

ఆయన మూడో సీసా ముందుకు తోశాడు. ఇదే, చెడిపోయింది ఇదే అన్నాడు. డాక్టరమ్మ దాన్ని అందుకుని వాసన చూసి, ఇందులో ఏమీ లేదే అంది. రెండోదాని బిరడా తీసింది. తీయడమేమిటి, దూరంగా తోసేసి కుర్చీతో సహా వెనక్కి జరిగింది. ఆ పక్కనున్న పెద్దమనిషి దగ్గుతూ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. ఆ కంపు గదంతా పాకుతుంటే అందరూ ముక్కులు మూసుకున్నారు. ఇద్దరే మూసుకోలేదు. మా వదిన మూసుకోలేదు, ఈసారి నిమ్మళం కూడా రుమాలు తీయలేదు.

"ఈ గదిలో ఏది కుళ్ళిందో తెలియనిది మా ఇద్దరికే అమ్మా. నాది ఎలా పోయిందో నేను చెబుతాను. ఆయనది ఎలా పోయిందో ఆయన్నే అడగండి" అంది మా వదిన, డాక్టరమ్మ వైపు తిరిగి.

డాక్టరమ్మ అడిగింది. ఎప్పటినుంచి అంది. నిమ్మళం అరచెయ్యి గాల్లోకి లేచింది గానీ ఆ మాట నోట్లోంచి రాలేదు. కుర్రతనంలోనే పోయిందని, వాళ్ళ సార్ దగ్గర పొద్దుటి చుక్కలతోనే పోయిందని ఒప్పుకున్నాడు. అది అప్పటి నిల్వమందేనా అని ఆమె అడిగింది. అదేనన్నాడు. మరి వీళ్ళ చేత ఎందుకు కొట్టించారంది. అలవాటైపోతుందనుకున్నానన్నాడు. అంత నీరసమైన మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆ మాట చెవిన పడగానే నా కడుపు చల్లబడుతుందనుకున్నాను, ఇంకా మండింది.

ఆ రోజే పొద్దుటి చుక్క ఆగిపోయింది. నిల్వమందు తీసేసి, గాలి పోని పంపుతో మళ్ళీ మొదటినుంచి చేయాలని, ఆ పని మా వదినే చూడాలని సంఘం తేల్చింది. నిమ్మళాన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. మా వదిన ముక్కు మాత్రం తిరిగి రాలేదు, ఇక రాదని డాక్టరమ్మే చూసి చెప్పింది.

ఆయన తన సామాను అట్టపెట్టెలో సర్దుకుని వెళ్ళే రోజున వరండాలో మేమిద్దరమే ఎదురయ్యాం. తప్పుకుని పోదామనుకున్నాను, మా వదిన తప్పుకోలేదు. ఆయన పెట్టెతోనే ఆగాడు. మనిషి సగమయ్యాడు.

"నాదీ పోయింది కదమ్మా. నా గురించి ఒక్కరూ అడగలేదు. నీకైనా తెలియాలి, అదెలా ఉంటుందో" అన్నాడు.

మా వదిన ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. ఎక్కడ కరిగిపోతుందోనని నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. నా పట్టు ఆమెకు అక్కర్లేకపోయింది.

"మీది పోయేటప్పుడు మీ సార్‌కు తెలుసో లేదో నాకు తెలియదు. నాది పోయేటప్పుడు మీకు తెలుసు. అందుకే మీకివ్వడానికి నా దగ్గర జాలి లేదు."

ఆయన లిఫ్టు వైపు తిరిగాడు. చేతుల్లో పెట్టె ఉంది కదా, లిఫ్టు మీట నొక్కడానికి వీల్లేక అటూ ఇటూ జరుపుకుంటున్నాడు. మా వదినే వెళ్ళి నొక్కింది. తలుపు తెరుచుకున్నాక, అది మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఆయన లోపలికి వెళ్ళేదాకా నిలబడింది.